మ్యూట్‌లో చూసే అడవి

మా నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు. మొత్తానికి చెవుడని కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే అందుతుంది, సన్నటి శబ్దాలే పోయాయి. వయసుతో వచ్చే వినికిడి లోపం కీచు శబ్దాల దగ్గరే మొదలవుతుంది కాబట్టి మనిషి మాట కన్నా ముందు పిట్ట కూత పోతుందట. మిషన్ కొన్నాం, పెట్టుకోడు. టీవీ ముందైతే అసలే పెట్టుకోడు, "గుయ్‌మంటుంది" అంటాడు. అందుకని మా ఇంట్లో జంతువుల ప్రోగ్రాములు సౌండ్ పూర్తిగా తీసేసి, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని నడుస్తాయి. వాటిని చదివి తెలుగులో చెప్పడం నా డ్యూటీ.

ఈ డ్యూటీ మొదలయ్యాక తెలిసిందేమిటంటే, సబ్‌టైటిల్స్‌లో మాటలే కాదు, మ్యూజిక్ కూడా రాస్తారు. బ్రాకెట్లో "టెన్స్ మ్యూజిక్" అని పడుతుంది. కాసేపటికి "ప్లేఫుల్ మ్యూజిక్". ఎవరైనా చనిపోబోతుంటే "సోంబర్ మ్యూజిక్", అంటే విషాదపు మ్యూజిక్. మామూలుగా చూసేవాళ్లకి ఇవి వినపడుతూనే ఉంటాయి గానీ పట్టించుకోరు. పైకి చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం మహా ఇబ్బంది.

"ఇప్పుడేమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు నాన్నా. టెన్షన్ మ్యూజిక్ వస్తోందట."

"ఎవరికి టెన్షన్? పాము పడుకునుంది కదా."

ఆ పాము బీబీసీ వాళ్ల 'ప్లానెట్ ఎర్త్ 2'లోది. 2016లో వచ్చిన ఆ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో, గాలపాగోస్ దీవుల్లో ఒకటైన ఫెర్నాండినాలో తీసిన సీను. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన సముద్రపు ఇగ్వానా పిల్ల ఇసుకలోంచి తల బయటపెడుతుంది. సముద్రం వైపు రాళ్ల మీద పెద్దవాళ్లంతా ఉన్నారు, అక్కడిదాకా చేరాలి. దారిలో రాళ్ల సందుల్లోంచి పాములు, ఒకటీ రెండూ కాదు, గుంపులుగా పడతాయి. చూడనివాళ్లు ఉండరనుకుంటాను, ప్రపంచమంతా షేర్ చేసుకున్నారు. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా టీవీ అవార్డుల్లో 2017లో ప్రేక్షకులు ఓటేసి ఎంచుకున్న సన్నివేశం కూడా అదే. నేను మొదటిసారి సౌండ్‌తోనే చూశాను. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పిల్ల తప్పించుకోగానే చప్పట్లు కొట్టాను.

నాన్నకి మ్యూట్‌లో పెట్టాను. సగం అయ్యాక, "ఇది ఇందాకటి పిల్ల కాదమ్మా" అన్నాడు. అదే అన్నాను. కాదన్నాడు. ఒంటి మీద ఇసుక అంటుకున్న తీరు వేరట, తోక వేరట. చిన్నప్పుడు గొడ్లు కాసిన మనిషి. మందలో కలిసిపోయిన దూడని వెనకనుంచి చూసి గుర్తుపట్టేవాణ్ణని చెప్పుకుంటాడు, ఆ గొప్ప ఇక్కడ కూడా వచ్చింది. సరేలే అని ఊరుకున్నాను. తర్వాత ఆ సీను గురించి చదువుతుంటే దొరికింది: అంతా ఒకే పిల్ల కాదని, రెండు కెమెరాలతో తీశామని, వేరే పిల్లల షాట్లు కూడా కలిపామని ప్రొడ్యూసరే 2017లో చెప్పారు.

ఇందులో మోసం ఉందని నేను అనను. పాములు నిజంగానే వెంటపడ్డాయి. కొన్ని పిల్లలు తప్పించుకున్నాయి, కొన్ని దొరికిపోయాయి. ఆ ఒడ్డున జరిగినదే చూపించారు. నన్ను ఆలోచింపజేసింది వేరే సంగతి: నాన్న పట్టుకున్నది నేనెందుకు పట్టుకోలేకపోయాను? పశువుల అనుభవం ఒక కారణమే. అసలు కారణం మ్యూజిక్ అని నా అనుమానం. బొమ్మ తెగుతుంది, మ్యూజిక్ తెగదు. ఒక షాట్ అయిపోయి ఇంకో షాట్ మొదలైనా కింద అదే దరువు నడుస్తూ ఉంటే, పైన ఉన్నది కూడా అదే పిల్ల అని మెదడు ఒప్పేసుకుంటుంది. సౌండ్ తీసేశారా, దండలోంచి దారం లాగేసినట్టే, ఏ షాటుకా షాటు విడిగా రాలిపడుతుంది.

అప్పటినుంచి నాకు ఈ ప్రోగ్రాముల్లో చెవికి ఏం పెడుతున్నారు అన్నదాని మీదే ధ్యాస.

కొంచెం ఆలోచిస్తే తెలిసిపోయే విషయమే. వందల మీటర్ల దూరంనుంచి పొడవాటి లెన్సుతో తీస్తారు, మైకుకి అలాంటి లెన్సు ఉండదు. 2006లో వచ్చిన మొదటి 'ప్లానెట్ ఎర్త్'లో అడవికుక్కలు ఇంపాలాలని తరిమే సీను హెలికాప్టర్లోంచి తీశారు, వణుకు తెలియకుండా పట్టి ఉంచే కెమెరాతో. అక్కడ మైకు పెడితే వచ్చేది రెక్కల మోత ఒక్కటే. అదే సిరీస్‌లో సొరచేప నీళ్లలోంచి సీల్‌తో సహా గాల్లోకి లేచే స్లోమోషన్ షాటు తీసుకోండి. సెకనుకి వెయ్యి ఫ్రేములు తీసి మామూలు టీవీ వేగంతో వేస్తే ఒక్క సెకను నలభై సెకన్లు అవుతుంది. దానితోపాటు శబ్దాన్ని కూడా అంత సాగదీస్తే మిగిలేది గుర్తుపట్టలేని గురగుర. కాబట్టి మనం వినే ఆ 'హుష్'మనే నీటి చప్పుడు ఎవరో తర్వాత తయారు చేసి అతికించిందే.

ఈ పనికి ఫోలీ అని పేరు. సినిమాల్లో అడుగుల చప్పుడూ బట్టల చప్పుడూ స్టూడియోలో కూర్చుని చేసినట్టే, జంతువుల ప్రోగ్రాములకీ చేస్తారు. మంచు మీద ధ్రువపు ఎలుగుబంటి నడుస్తుంటే వినిపించే కరకర, గుడ్డసంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి నొక్కితే వస్తుంది. కస్టర్డ్ పౌడర్‌తో కూడా చేస్తారట. నాన్నకి చెప్తే చాలాసేపు నవ్వాడు. "ఎలుగుబంటికి అడుగుల చప్పుడు వినపడేలా నడిస్తే తిండి దొరుకుతుందా?" అన్నాడు తర్వాత. అది మాత్రం పాయింటే. వేటాడే జంతువు బతికేదే చప్పుడు చెయ్యకుండా నడవడం మీద. మనకి మాత్రం సాలీడు అడుగులు కూడా టకటకమని వినిపిస్తారు.

అయినా అడుగుల చప్పుడుతో నాకు గొడవ లేదు. బొమ్మ కదులుతుంటే చెవి ఏదో ఒకటి ఆశిస్తుంది. ఎలుగుబంటి మంచులో నడిస్తే దగ్గరున్నవాళ్లకి ఏదో కరకర వినపడే ఉంటుంది, అది ఏ సంచిలోంచి వస్తేనేం. దాని బరువు, నడక, నేల, ఇవి సరిపోతే చాలు.

2011లో 'ఫ్రోజెన్ ప్లానెట్' వచ్చినప్పుడు పెద్ద రభస జరిగింది, గుర్తుందా? తల్లి ఎలుగుబంటి మంచు గుహలో పిల్లల్ని పెట్టుకుని ఉన్న దృశ్యం ఆర్కిటిక్‌లో తీసింది కాదని, జూలో ఏర్పాటు చేసిన గుహలో తీసిందని బయటపడింది. పత్రికలన్నీ మీదపడ్డాయి. నిజమైన గుహలో కెమెరా పెడితే తల్లి పిల్లల్ని చంపేసే ప్రమాదం ఉంటుందని, ఎలా తీశామో వెబ్‌సైట్‌లో చెప్పామని బీబీసీ సమాధానం. వాళ్ల కారణం నాకు సబబుగానే ఉంది, టీవీలోనే ఒక్క మాట అనేసి ఉంటే బాగుండేది. కానీ తమాషా చూడండి, బొమ్మ ఎక్కడ తీశారని అంతమంది అడిగారు. ఆ సిరీస్ పొడుగునా వినిపించిన అడుగులు, గుటకలు, రెక్కల చప్పుళ్లు ఎక్కడివని మాత్రం అలా నిలదీసిన గుర్తు లేదు. కంటికి జరిగితే మోసం, చెవికి జరిగితే మామూలే.

నాకు నిజంగా కోపం వచ్చేది గొంతులు మార్చినప్పుడు.

తెల్లతల గద్ద ఉంది కదా, అమెరికా చిహ్నం. సినిమాల్లోనూ టీవీల్లోనూ అది కొండమీదనుంచి ఎగురుతుంటే 'క్రీ...' అని గుండె జలదరించే కేక వినిపిస్తుంది. ఆ కేక దానిది కాదు. ఎర్రతోక డేగది. తెల్లతల గద్ద అసలు గొంతు పీలగా, కిచకిచమన్నట్టు ఉంటుంది. అంత రాజసం ఉన్న పక్షికి ఆ గొంతు బాగోదని ఎవరో అనుకున్నారు, మార్చేశారు, ఇక అదే స్థిరపడింది. పాత టార్జాన్ సినిమాల్లో ఆఫ్రికా అడవి అనగానే వినిపించే వెర్రినవ్వు ఆస్ట్రేలియా పక్షి కూకబర్రాది. హాలీవుడ్ కప్పలన్నీ 'రిబ్బిట్' అంటాయి, అది అమెరికా పశ్చిమ తీరంలో ఉండే ఒక చిన్న కప్ప కూత. హాలీవుడ్ పక్కన అదే దొరికింది కాబట్టి లోకంలో కప్పలన్నిటికీ దాన్నే అంటగట్టారు.

అడుగుల చప్పుడుకి ఒప్పుకుని దీనికెందుకు ఒప్పుకోనంటే, జంతువుకి గొంతు అలంకారం కాదు. ఎంపరర్ పెంగ్విన్లనే తీసుకోండి. వాటికి గూడు ఉండదు. మగపెంగ్విన్ గుడ్డుని కాళ్ల మీద పెట్టుకుని రెండు నెలలు చలిలో నిలబడుతుంది. సముద్రం నుంచి తిరిగొచ్చిన ఆడది, ఒకేలా ఉన్న వేల పెంగ్విన్లలో తన జంటని గొంతుని బట్టే వెతుక్కుంటుంది. వాటి కంఠంలోంచి ఒకేసారి రెండు స్వరాలు వస్తాయి, ఆ రెండింటి కలయిక ఏ పెంగ్విన్‌కి ఆ పెంగ్విన్‌దే. అలాంటిచోట ఒక పెంగ్విన్ బొమ్మకి ఇంకో పెంగ్విన్ కూత తగిలించినా మనకి తేడా తెలియదు. కానీ అక్కడ పిలుపు తప్పితే పిల్ల ఆకలితో పోతుంది.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే ఉదాహరణ ఒకటుంది. 1998లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ బర్డ్స్'లో ఆస్ట్రేలియా లైర్ పక్షి. కెమెరా క్లిక్, కారు అలారం, చివరికి చెట్లు కోసే రంపం మోత కూడా దింపేస్తుంది. వ్యాఖ్యానం చెప్పే డేవిడ్ అటెన్‌బరో పొదల చాటున నిలబడి అబ్బురపడుతూ చూస్తుంటారు. ఆ శబ్దాలన్నీ నూటికి నూరుపాళ్లు నిజం, ఆ పక్షి నోటినుంచి వచ్చినవే. కాకపోతే అందులో చూపించిన మూడు పక్షుల్లో రెండు జూల్లాంటి చోట్ల పెరిగినవి. స్వేచ్ఛగా తిరిగే లైర్ పక్షులు ఎక్కువగా అనుకరించేది మిగతా పక్షుల్నే. ఆ సంగతి వ్యాఖ్యానంలో లేదు. అడవిలోకి రంపం వచ్చేసింది, పక్షి దాన్నే పాడుతోంది అన్న దుఃఖం చూసినవాళ్లందరి మనసులో నాటుకుపోయింది. నాకు కూడా. శబ్దం నిజమైనా పక్కన ఉండాల్సిన ఒక్క వాక్యం లేకపోతే కథ ఎటు పోతుందో చూడండి.

పంజరంలో పక్షిని రికార్డు చేయడం కొత్తేమీ కాదులెండి. తెలిసినంతలో మొట్టమొదట రికార్డయిన పక్షిపాటే పంజరంలోది. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు, తండ్రి తెచ్చిచ్చిన ఎడిసన్ మైనపు సిలిండర్ యంత్రం ముందు తన పెంపుడు షామా పిట్టని పెట్టాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక నాజీల బారినుంచి తప్పించుకుని బ్రిటన్ చేరి, బీబీసీ రేడియోలో పక్షుల పాటలు వినిపించే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు.

ఇష్టపడి చేసేవాళ్లు ఎంతదూరమైనా వెళ్తారనడానికి క్రిస్ వాట్సన్ సాక్ష్యం. అదే 'లైఫ్ ఆఫ్ బర్డ్స్'కి శబ్దాలు పట్టినాయన. అంతకుముందు ఒక ఎలక్ట్రానిక్ మ్యూజిక్ బ్యాండులో ఉండేవాడు. కెన్యాలో చచ్చిపడున్న జీబ్రా డొక్కలోపల చిన్న మైకులు పెట్టి, దూరంగా కూర్చుని, రాబందులు దిగి తినే శబ్దాన్ని లోపలినుంచి రికార్డు చేశాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఎముకల మధ్య మనం ఇరుక్కుని ఉన్నట్టు, పైనుంచి ముక్కులు దిగుతున్నట్టు ఉంటుంది. రెక్కలు కొట్టుకోవడం, బుసలు, చర్మం చిరగడం. మ్యూజిక్ లేదు, మాట లేదు. ఏ టెన్స్ మ్యూజిక్కూ నన్ను అంత భయపెట్టలేదు. అయితే భోజనానికి ముందు వినకండి.

నాన్నకీ నాకూ చెవుల్లో తేడా లేని శబ్దం ఒకటుంది. ఏనుగులు మాట్లాడుకునేది. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో ఏనుగుల పక్కన నిలబడ్డ కేటీ పేన్ అనే జంతు శబ్దాల పరిశోధకురాలికి గాలి అదురుతున్నట్టు అనిపించింది. చిన్నప్పుడు చర్చిలో పెద్ద ఆర్గన్ పక్కన నిలబడి పాడినప్పుడు తెలిసిన అదురే అది. యంత్రాలు పెట్టి చూస్తే మనిషి చెవికి అందని అడుగుస్థాయి శబ్దాలు బయటపడ్డాయి. సెకనుకి ఇరవై కంపనాల కన్నా తక్కువైతే మనకి వినపడదు, ఏనుగుల గురగురలో చాలాభాగం ఆ కిందే ఉంటుంది, కిలోమీటర్ల దూరం వెళ్తుంది. దాన్ని టీవీ స్పీకర్లు పలికించలేవు, పలికించినా మనకి అందదు. స్థాయి పెంచి వినిపిస్తే తప్ప. అంటే నిశ్శబ్దంగా నడిచిపోతున్న ఏనుగుల గుంపు మీద మెల్లగా వయొలిన్లు వాయిస్తారు చూడండి, ఆ సమయంలో అవి నిజానికి కబుర్లు చెప్పుకుంటూ ఉండొచ్చు.

మ్యూజిక్ దగ్గరికే వస్తున్నాను, నా అసలు ఫిర్యాదు అదే. 'ప్లానెట్ ఎర్త్ 2' టైటిల్ మ్యూజిక్ హాన్స్ జిమ్మర్‌ది. దానికి ముందు తరం సిరీస్‌లకి జార్జ్ ఫెంటన్. ఇద్దరూ మహానుభావులే, విడిగా వింటాను. కానీ ఎవరు మంచివాళ్లు, ఎవరు విలన్లు అన్నది ఆ వయొలిన్లే తేల్చేస్తాయి. ఇగ్వానా పిల్ల వైపు నిలబడమని నాకు ఎవరూ మాటల్లో చెప్పలేదు. పాముకి కూడా ఆకలే కదా. నాన్న మ్యూట్‌లో చూసి, "అంత వెంటపడి కూడా చేతికి రాలేదు పాపం" అన్నది పాముల గురించి.

ఇది మా ఇంటి సోది మాత్రమే కాదు. 2016లో 'ప్లాస్ వన్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. సొరచేపలు ఊరికే ఈదుతున్న ఒకే నిమిషం వీడియో. కొందరికి భయపెట్టే మ్యూజిక్‌తో, కొందరికి హుషారు మ్యూజిక్‌తో, కొందరికి సౌండ్ లేకుండా చూపించారు. మొత్తం 2100 మంది. భయపెట్టే మ్యూజిక్‌తో చూసినవాళ్లకే సొరచేపల మీద చెడు అభిప్రాయం ఎక్కువ కలిగింది. బొమ్మ అదే, చేపలు అవే. సొరచేపల వల్ల ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి చనిపోయేది సగటున పదిమందిలోపు. మనుషుల చేతిలో ఏటా చచ్చే సొరచేపలు దాదాపు పది కోట్లని 2013లో ఒక అంచనా వచ్చింది. టెన్షన్ మ్యూజిక్ ఎవరి ఎంట్రీకి వెయ్యాలో మీరే ఆలోచించండి.

ఇదంతా విని ఒక స్నేహితురాలు, "అయితే నీకు స్లో టీవీనే కరెక్ట్" అంది. నార్వేలో 2009లో బెర్గెన్ రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకి పైగా యథాతథంగా టీవీలో వేశారు, కిటికీలోంచి కొండలూ పల్లెలూ సొరంగాలూ. స్వీడన్ ప్రభుత్వ టీవీ 2019 నుంచి ఏటా వసంతంలో మూస్‌ల వలస లైవ్ పెడుతుంది. గుర్రమంత ఎత్తుండే దుప్పులు, ఒంగర్మన్ నది ఈదుకుని వేసవి మేతకి వెళ్తుంటాయి. రాత్రీ పగలూ, వారాల తరబడి. చాలావరకు ఏమీ జరగదు. నది, ఒడ్డున చెట్లు, కరుగుతున్న మంచు. వెనక మ్యూజిక్ వాయించి తొందరపెట్టేవాళ్లు లేరు. నాన్నకి పెట్టాను. గంటలకొద్దీ చూస్తాడు. గొడ్లు కాసినప్పుడూ అంతేనట, రోజంతా కూర్చుంటే ఏదో ఒకటి జరుగుతుందట.

నాకు మాత్రం, ఒప్పుకోవాలి, బోరు కొట్టింది. దుప్పి వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను, వచ్చినప్పుడు నాన్న మోచేత్తో పొడవాల్సి వచ్చింది. నాకు కథ కావాలి, ఎడిటింగ్ కావాలి, ఆ గొంతు చెప్పే వివరాలు కావాలి. ఇగ్వానా పిల్ల సీనులో పాము చూపు అంత బాగుండదని, కదలకుండా ఉంటే దాటిపోతుందని చెప్పకపోతే, ఆ పిల్ల ఎందుకలా బిగుసుకుపోయి నిలబడిందో మాకిద్దరికీ తెలిసేది కాదు. అది చదివి చెప్పినప్పుడే నాన్న ముందుకి వంగి చూశాడు. వ్యాఖ్యానం చేసే మేలు అది. దాని చోటు నేను తీసెయ్యమనను.

నేను అడిగేది చిన్నది. ఈ ప్రోగ్రాములు అరడజను భాషల్లో వస్తాయి. ఇంకో భాషలోకి డబ్బింగ్ చెయ్యాలంటే వ్యాఖ్యానం ఒకచోట, మ్యూజిక్కూ ఎఫెక్టులూ ఒకచోట విడిగా ఉండాల్సిందే, అలాగే భద్రపరుస్తారు కూడా. మిక్సింగ్ టేబుల్ మీద మ్యూజిక్కి దాని వరస దానికి ఉంటుంది, ఎఫెక్టులకి దాని వరస దానికి. అన్నీ విడివిడిగా ఉన్నాయి. భాష ఎంచుకునే బటన్ పక్కన మ్యూజిక్ తీసేసే బటన్ ఒకటి పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. అలాగే చివర్లో పేర్లు వేసేటప్పుడు, ఈ ఎపిసోడ్‌లో విన్న కూతల్లో అక్కడే రికార్డయినవి ఇవి, వేరేచోటివి ఇవి అని ఒక్క లైను. పెట్టదలిస్తే ముందు సొరచేపల ప్రోగ్రాములకి పెట్టమంటాను, గద్దల సంగతి తర్వాత చూద్దాం.